గాలి ఒక కాగితం, పోటు ఇంకో కాగితం

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

నేను మాట్లాడబోయేది చిన్న పడవల గురించి. ఐదారు మీటర్ల ఫైబర్ పడవ, వెనక ఒక ఔట్‌బోర్డ్ ఇంజిన్, లేదంటే ఒక చిన్న తెరచాప. ఒడ్డు కనిపించేంత దూరంలోనే తిరిగి, చీకటి పడేలోగా ఇంటికి చేరే పడవలు. ఒడ్డుకు దగ్గరగా ఉన్నంతసేపు భయం లేదని మనలో చాలామంది అనుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. నిజానికి చిన్న పడవకి నడిసముద్రం కంటే ఒడ్డు పక్కన ఉన్న ఆ చివరి కిలోమీటరే కష్టం. లోతు తగ్గేది అక్కడే, నీటి లాగుడు పెరిగేది అక్కడే, కెరటం విరిగేదీ అక్కడే.

బయల్దేరే ముందు మనం రెండు కాగితాలు చూస్తాం. ఇప్పుడు రెండూ ఫోన్‌లోనే ఉంటాయి, అయినా నేను కాగితాలు అనే అంటాను. ఒకటి వాతావరణ సూచన: గాలి ఎంత, ఎటు నుంచి, అల ఎంత. రెండోది పోటు పట్టిక: నీరు ఎప్పుడు ఎక్కుతుంది, ఎప్పుడు దిగుతుంది. ఒకటి చూసి ‘గాలి ఫరవాలేదు’ అనుకుంటాం. రెండోది చూసి ‘నీళ్లు సరిపోతాయి’ అనుకుంటాం. తాడు విప్పేస్తాం. ఆ రెండు కాగితాలనీ పక్కపక్కన పెట్టి, ఫలానా గంటకి ఇది ఇలా ఉంటే అది ఎలా ఉంటుందని చూసేవాళ్లు చాలా తక్కువ. ఈ రోజు నేను అడగడానికి వచ్చింది ఆ ఒక్క పని గురించే.

నాకు జరిగినది చెబుతాను. పదిహేనేళ్ల కిందటి మాట. నలుగురం, ఆరు మీటర్ల పడవ. నది సముద్రంలో కలిసే మొగ దాటి బయటికి వెళ్లాలి. పౌర్ణమి దాటి రెండో రోజు. పొద్దున 8.30కి బయల్దేరాం. నీరు లోపలికి ఎక్కుతోంది, గాలి లేదు. మొగలో నీళ్లు పళ్లెంలో పోసినట్టు ఉన్నాయి. సూచనలో మధ్యాహ్నం తర్వాత 15 నాట్ల గాలి, అంటే గంటకి సుమారు 28 కిలోమీటర్లు, సముద్రం వైపు నుంచి అని ఉంది. 15 నాట్లకి ఆ పడవ బాగానే తట్టుకుంటుంది, అంతకుముందు చాలాసార్లు తిరిగాం. పట్టికలో నిండు పోటు 11 గంటలకి. అది కూడా చూశాను. రెండూ చూశాను, విడివిడిగా.

మధ్యాహ్నం 3 గంటలకి తిరిగొచ్చేసరికి మొగ ఉండాల్సిన చోట తెల్లటి గోడ కనిపించింది. బయట సముద్రంలో అల మీటరు లోపే. మొగలో మాత్రం ఒకదాని వెనక ఒకటి, మధ్యలో ఊపిరి తీసుకునే సందు లేకుండా, నిలువుగా లేచి విరుగుతున్నాయి. కాసేపు ఆగి చూసి, పట్టు దొరికిందనుకుని లోపలికి పోనిచ్చాం. మూడో కెరటం వెనక నుంచి పడవని ఎత్తింది. వెనక భాగం పైకి లేచింది, ముందు భాగం నీటిలో గుచ్చుకుంది, చుక్కాని చేతిలో వదులైపోయింది. అంటే తిప్పినా ఏ ప్రభావమూ లేదు. పడవ అడ్డం తిరిగింది. నా స్నేహితుడు ఒకరు నీళ్లలో పడిపోయారు. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి తల పైన ఉంది, మేం చూడగలిగాం. నీటి లాగుడు ఆయన్ని సముద్రం వైపే తీసుకెళ్లింది. మేమూ వెనక్కి తిప్పి, ఆయన్ని అందుకుని, బయటికి వచ్చేశాం. ఆ నాలుగు నిమిషాలు ఇప్పటికీ నాకు గుర్తే.

తర్వాత ఏం చేశాం? ఎదురుచూశాం. పట్టిక ప్రకారం 5.10కి ఆటు అయిపోవాలి. 5.10 అయింది, నురగ తగ్గలేదు. 5.30కీ తగ్గలేదు. ఆరు దగ్గర పడుతుండగా మొగ మెత్తబడడం మొదలైంది. 6.20కి లోపలికి వెళ్లాం. గాలి అదే గాలి, 15 నాట్లే. అలలు మాత్రం సాగిపోయి, పడవ కింద నుంచి మెల్లగా ఎత్తి దించుతూ మమ్మల్ని లోపలికి సాగనంపాయి. మూడు గంటల కిందట మనిషిని మింగబోయిన చోటు ఇదేనా అనిపించింది.

మారింది ఒక్కటే, నీరు పోయే దిక్కు.

దీని వెనక లెక్క చాలా తేలికైనది. అల ఒక దిక్కుకి వస్తోంది. నీరు దానికి ఎదురుగా పోతోంది. అప్పుడు అల నడక నెమ్మదిస్తుంది, అలకీ అలకీ మధ్య దూరం దగ్గరవుతుంది. అందులో ఉన్న శక్తి ఎక్కడికీ పోలేదు కాబట్టి అది పైకి లేస్తుంది. పొడవు తగ్గి, ఎత్తు పెరిగి, నిటారుగా అయి, విరుగుతుంది. నీరు, అల ఒకే దిక్కుకి పోతే దీనికి సరిగ్గా వ్యతిరేకం: అల సాగుతుంది, చదునవుతుంది.

ఎంత ఎదురు ప్రవాహానికి అల నిలిచిపోతుంది? లోతైన నీటి లెక్కలో ఒక మంచి సూత్రం ఉంది. అల మామూలుగా నడిచే వేగంలో నాలుగో వంతు వేగంతో నీరు ఎదురొస్తే, ఆ అల ఇక ముందుకు రాలేదు. ఉన్నచోటే విరుగుతుంది. అల వేగం ఎలా తెలుస్తుంది? ఒక అల తల నుంచి ఇంకో అల తల వరకు ఎన్ని సెకన్లో లెక్కపెట్టండి. దాన్ని 1.56తో గుణిస్తే సెకనుకి ఎన్ని మీటర్లో వస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలికి లేచే అల సుమారు 4 సెకన్లది. దాని వేగం సెకనుకి 6 మీటర్ల చిల్లర, అంటే 12 నాట్లు. అందులో నాలుగో వంతు 3 నాట్లు. పౌర్ణమి తర్వాత ఆటు వేళ ఇరుకు మొగలో 3 నాట్ల లాగుడు ఏమంత వింత కాదు. ఆ రోజు మా మొగలో జరిగింది ఇదే. మొగలో లోతు తక్కువ కాబట్టి లెక్క అచ్చంగా ఇలాగే నడవదు, కానీ ఏ గంటకి జాగ్రత్తపడాలో చెప్పడానికి ఇది చాలు.

అమెరికా పడమటి తీరంలో కొలంబియా నది పసిఫిక్‌లో కలిసే చోటుని ‘పసిఫిక్ శ్మశానం’ అంటారు. అక్కడ పెద్ద నది నీరు, ఆటు కలిసి బయటికి తోస్తుంటే వేల కిలోమీటర్ల నుంచి వచ్చిన అల ఎదురొస్తుంది. అమెరికా కోస్ట్ గార్డ్ తన రక్షక పడవల చోదకులకి శిక్షణ ఇచ్చే బడిని ఆ మొగ పక్కనే పెట్టుకుంది. మన మొగ చిన్నదే కావచ్చు. అక్కడ పనిచేసేదీ, ఇక్కడ పనిచేసేదీ ఒకే సూత్రం.

ఇప్పుడు పోటు కాగితం దగ్గరికి వద్దాం. చంద్రుడు మనకి ఒక చుట్టు తిరిగినట్టు కనిపించడానికి 24 గంటల 50 నిమిషాలు పడుతుంది. అందుకే చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి, నిండు పోటు ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. సూర్యుడి లాగుడు చంద్రుడి దానిలో సగం కంటే కొంచెం తక్కువ. అమావాస్యకీ పౌర్ణమికీ ఇద్దరూ ఒకే వరుసలో లాగుతారు కాబట్టి పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అష్టమికి ఒకరికొకరు అడ్డంగా లాగుతారు కాబట్టి రెండూ నీరసంగా ఉంటాయి. చాలా చోట్ల దీని ప్రభావం ఒకటి రెండు రోజుల ఆలస్యంగా కనిపిస్తుంది. అందుకే పౌర్ణమి నాటి కంటే ఆ తర్వాత రెండో రోజు లాగుడు ఎక్కువ. మేం బయల్దేరింది సరిగ్గా ఆ రోజే.

తీరం తీరానికి తేడా ఉందనీ గుర్తుంచుకోవాలి. కెనడాలోని ఫండీ అఖాతంలో నీరు 16 మీటర్ల దాకా ఎక్కి దిగుతుంది. మధ్యధరా సముద్రంలో చాలా చోట్ల మూరెడు కూడా ఉండదు. మెక్సికో సింధుశాఖలో కొన్ని తీరాలకి రోజుకి ఒక్కటే పోటు. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో నిండు పోటు రెండు తలలతో వస్తుంది, నీరు చాలాసేపు నిండుగానే నిలబడుతుంది. కాబట్టి ఒక తీరంలో నేర్చుకున్న అలవాటుని ఇంకో తీరానికి మోసుకెళ్లకండి.

నీరు ఎక్కే తీరు కూడా సమానంగా ఉండదు. దీనికి పాతకాలం నుంచీ పడవలవాళ్లు వాడే పన్నెండో వంతుల లెక్క ఉంది. ఆటు నుంచి పోటుకి దాదాపు ఆరు గంటలు. మొత్తం తేడాని పన్నెండు వంతులు చేయండి. మొదటి గంటలో ఒక వంతు ఎక్కుతుంది, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు, నాలుగో గంటలోనూ మూడు, తర్వాత రెండు, చివరికి ఒకటి. ఒక ఉదాహరణ వేద్దాం. పట్టికలో పొద్దున 6 గంటలకి ఆటు 0.6 మీటర్లు, మధ్యాహ్నం 12 దాటాక పోటు 3.0 మీటర్లు అని ఉంది. తేడా 2.4 మీటర్లు. ఒక్కో వంతు 20 సెంటీమీటర్లు. ఏడు గంటలకి 20 సెంటీమీటర్లే ఎక్కింది. తొమ్మిదికి చూస్తే 1.20 మీటర్లు ఎక్కేసింది. అంటే మధ్యలో ఉన్న రెండు గంటల్లోనే సగం నీరు కదిలిపోతుంది. నీరు ఎక్కువ కదిలే గంటల్లోనే లాగుడూ ఎక్కువ.

ఇదే ఉదాహరణలో మనం ఒక ఇసుక మేట దాటాలి. చార్టులో, అంటే సముద్రపు లోతులు చూపే పటంలో, అక్కడ లోతు 0.7 మీటర్లు అని రాసి ఉంది. చార్టులో రాసేది సాధారణంగా బాగా అడుగంటిన ఆటుని ఆధారంగా తీసుకున్న లోతు. దానికి పట్టికలో ఉన్న ఎత్తు కలుపుకోవాలి. ఆరు గంటలకి 0.7కి 0.6 కలిపితే 1.3 మీటర్లు. మన పడవ నీటిలో 0.9 మీటర్లు మునుగుతుంది. ఇంకా 40 సెంటీమీటర్లు ఉంది కదా, వెళ్లిపోవచ్చు అనిపిస్తుంది. అప్పుడు ఒక మీటరు అల వచ్చిందనుకోండి. అల పల్లంలో నీరు అర మీటరు దిగుతుంది. మిగిలేది 0.8. పడవ ఇసుకకి కొట్టుకుంటుంది. చూశారా, పోటు కాగితం ఒక్కటే చూస్తే దాటొచ్చు అంది. అల కాగితం పక్కన పెడితే వద్దంది. తొమ్మిది గంటలకి అక్కడ 2.5 మీటర్లు. అదే పడవ, అదే అల, ఇబ్బంది లేదు.

నీటి లోతు లెక్క తప్పితే ఏమవుతుందో చరిత్రలో ఒక పెద్ద సంఘటన ఉంది. 1943 నవంబరు 20న పసిఫిక్‌లోని తరావా దీవిలో అమెరికా సైన్యం దిగింది. తీరం చుట్టూ పగడపు దిబ్బ. దాని మీదుగా పడవలు తేలాలంటే సుమారు 4 అడుగుల నీరు కావాలి. ఆ రోజు చంద్రుడు అష్టమి దశలో ఉన్నాడు, పైగా భూమికి బాగా దూరంలో ఉన్నాడు. పోటు రావాల్సినంత రాలేదు. పడవలు దిబ్బ దగ్గర ఆగిపోయాయి. సైనికులు కాల్పుల మధ్య వందల మీటర్లు నీళ్లలో నడిచి వెళ్లాల్సి వచ్చింది. అక్కడ పోయిన ప్రాణాల గురించి చదివినప్పుడల్లా, పట్టికలో ఒక అడుగు తేడా అంటే ఏమిటో నాకు మళ్లీ అర్థమవుతుంది.

పట్టిక చూసేటప్పుడు ఇంకో రెండు మాటలు. అది ఏ రేవుకి వేసిన పట్టికో చూడండి. మనం ఉన్న చోటు పది కిలోమీటర్లు పక్కన ఉన్నా, నది లోపలికి ఉన్నా సమయం మారుతుంది. వేసవికి గడియారం మార్చుకునే దేశాల్లో పట్టిక ఆ గంట కలిపిందో లేదో కూడా చూడాలి.

అన్నిటికంటే ముఖ్యం, నీరు ఎక్కడం ఆగిన సమయమూ, లాగుడు ఆగిన సమయమూ ఒకటే అనుకోకండి. పట్టికలో రాసేది ఎత్తు. బయట సముద్రంలో ఆటు అయిపోయి నీరు మళ్లీ ఎక్కడం మొదలైనా, నది లోపల నీరు ఇంకా ఎత్తులోనే ఉంటుంది. అది బయటికి పారుతూనే ఉంటుంది. వానాకాలంలో, నదికి వరద వచ్చినప్పుడు ఇంకా ఎక్కువసేపు పారుతుంది. మేం 5.10 తర్వాత కూడా గంటకి పైగా కాచుకోవాల్సి వచ్చింది అందుకే. మీ మొగకి ఆ ఆలస్యం ఎంతో మీరే ఒడ్డున నిలబడి, గడియారం చూస్తూ, కొన్ని రోజులు రాసుకోండి. బోయాలు, అంటే నీటి మీద తేలే గుర్తులు, ఉంటే వాటి వంపు చూడండి. లంగరేసిన పడవలు ఎప్పుడు తిరుగుతున్నాయో చూడండి. ఇంతకంటే నమ్మకమైన సమాచారం మీకు ఎక్కడా దొరకదు.

పట్టికకి తెలియని విషయం ఇంకొకటి ఉంది. పట్టిక అంతా చంద్రుడు, సూర్యుడి లెక్క. 1872లో లార్డ్ కెల్విన్ చక్రాలు, కప్పీలతో ఆ లెక్క వేసే యంత్రాన్ని రూపొందించాడు. అప్పటి నుంచి ఇప్పటి కంప్యూటర్ల దాకా అదే లెక్క మెరుగవుతూ వచ్చింది. ఏళ్ల తర్వాతి పోటు కూడా ముందే చెప్పొచ్చు. కానీ ఆ రోజు గాలి ఎలా ఉంటుందో, పీడనం ఎంత ఉంటుందో దానికి తెలియదు. గాలి పీడనాన్ని హెక్టోపాస్కల్స్‌లో కొలుస్తారు; అది ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. పెరిగితే అంతే దిగుతుంది. మామూలు పీడనం 1013. అది 1033 ఉంటే, పట్టికలో చెప్పినదానికంటే 20 సెంటీమీటర్లు తక్కువ నీరు ఉండొచ్చు. మన ఉదాహరణలో ఆ 40 సెంటీమీటర్ల సందులో సగం అలా పోతుంది. గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు గట్టిగా కొన్ని గంటలు వీస్తే నీటిని ఇంకా తోసేస్తుంది. తుపానులో ఇదే తిరగబడి ఉప్పెన అవుతుంది, మీటర్లలో.

ఇక గాలి కాగితం. ముందు ఒక చిక్కు తేల్చుకోవాలి. గాలికి పేరు అది వచ్చే దిక్కుని బట్టి పెడతారు. తూర్పు గాలి అంటే తూర్పు నుంచి వచ్చేది. ప్రవాహానికి పేరు అది పోయే దిక్కుని బట్టి. తూర్పు ప్రవాహం అంటే తూర్పుకి పోయేది. కాబట్టి తూర్పు గాలి, తూర్పు ప్రవాహం అని రెండు కాగితాల్లోనూ ఉంటే, రెండూ కలిసి వెళ్తున్నాయని కాదు, ఢీకొంటున్నాయని అర్థం. ఈ ఒక్క ముక్క దగ్గర తడబడినవాళ్లని నేను చాలామందిని చూశాను.

గాలి వేగం నాట్లలో ఇస్తారు. ఒక నాటు అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. సూచనలో ఇచ్చే అంకె సగటు. విసురు అంతకంటే ఎక్కువ ఉంటుంది, 15 అన్నచోట 20 దాటడం మామూలే. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు. 10 నాట్లలో హాయిగా ఉన్నవాళ్లు 20 నాట్లలో కాస్త కష్టపడతాం అనుకుంటారు. అది కాస్త కాదు.

19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సిస్ బోఫర్ట్ అనే బ్రిటిష్ నావికుడు గాలికి 0 నుంచి 12 దాకా మెట్లు కట్టాడు. గాలి ఓడ తెరచాపల్ని ఏం చేస్తోందో చూసి చెప్పే మెట్లు అవి. ఇప్పుడు నీటి ముఖం చూసి చెబుతున్నాం. అక్కడక్కడా తెల్ల నురగ కనిపిస్తే మూడో మెట్టు, 7 నుంచి 10 నాట్లు. నురగ తరచుగా కనిపిస్తే నాలుగు, 11 నుంచి 16. ఎటు చూసినా నురగే అయితే ఐదు దాటింది. చిన్న పడవతో కొత్తగా తిరిగేవాళ్లకి నా మాట: నాలుగో మెట్టు దగ్గరే ఆగండి. మొగ దాటాల్సి ఉంటే మూడు దగ్గరే.

ఈ సూచనలు మనకి ఊరికే రాలేదు. 1859 అక్టోబరులో వేల్స్ తీరంలో రాయల్ చార్టర్ అనే ఓడ తుపానులో బద్దలై నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత రాబర్ట్ ఫిట్జ్‌రాయ్, ఒకప్పుడు డార్విన్ ప్రయాణించిన బీగిల్ ఓడకి కెప్టెన్, టెలిగ్రాఫ్ సాయంతో రేవులకి తుపాను హెచ్చరికలు పంపే ఏర్పాటు చేశాడు. 1861 ఆగస్టు 1న ఆయన తయారుచేసిన వాతావరణ సూచన మొదటిసారి లండన్ పత్రికలో వచ్చింది. ‘ఫోర్‌కాస్ట్’ అనే మాటని ఈ అర్థంలో వాడుకలోకి తెచ్చిందీ ఆయనే. సూచన తప్పినప్పుడు జనం ఆయన్ని చాలా మాటలన్నారు. మనం ఇవాళ ఫోన్ తీసి ఒక్క నొక్కు నొక్కితే వచ్చే అంకె వెనక అంత మంది ప్రాణాలున్నాయి. దాన్ని చూడకుండా బయల్దేరడం నాకు మనసొప్పదు.

సూచనలో అల ఎత్తు అని ఒక అంకె ఉంటుంది. అది అన్నిటికంటే పెద్ద అల ఎత్తు అనుకుంటారు. కాదు. వచ్చిన అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు అది. 1.5 మీటర్లు అని ఉంటే చాలా అలలు అంతకంటే చిన్నవే. కానీ మూడు గంటలు అక్కడే ఉంటే, దాదాపు రెట్టింపు ఎత్తున్న అల ఒకటి తగలొచ్చు. అంటే 3 మీటర్లకి దగ్గర. అది సూచన తప్పినట్టు కాదు, ఆ అంకెకి అర్థమే అది.

ఆ అంకె పక్కనే సెకన్లలో ఇంకో అంకె ఉంటుంది, అల వ్యవధి. దాన్ని చూడకపోతే ఎత్తు చూసి లాభం లేదు. ఒక మీటరు ఎత్తు, 10 సెకన్ల అల అంటే అలకీ అలకీ మధ్య 150 మీటర్ల పైన దూరం. లోతైన నీటిలో పడవకి అది ఉయ్యాల. ఒక మీటరు, 4 సెకన్లు అంటే పాతిక మీటర్లు. అది గుద్దు. నడుం విరగ్గొడుతుంది. మొగ దగ్గర మాత్రం ఈ లెక్క ఇంకో మలుపు తిరుగుతుంది. పెద్ద వ్యవధి అల లోతు తగ్గగానే ఉబ్బి లేస్తుంది. నీటి లోతు అల ఎత్తుకి ఒకటిం పావు రెట్ల దగ్గరికి రాగానే విరుగుతుంది. 12, 14 సెకన్ల అల కనిపిస్తే, ఎక్కడో దూరంలో పెద్ద తుపాను ఉందని అర్థం. అలాంటి అల రోజుకి 800 కిలోమీటర్ల పైనే నడుస్తుంది, తుపాను కంటే ముందే వచ్చేస్తుంది. ఇక్కడ ఎండ కాస్తుంటుంది, ఆకు కదలదు, మొగలో మాత్రం పది నిమిషాలకోసారి మూడు నాలుగు పెద్ద కెరటాలు వచ్చి విరిగి పోతుంటాయి. రెండు నిమిషాలు చూసి ప్రశాంతంగా ఉందనుకుంటే మోసపోతాం. కనీసం పావుగంట చూడాలి.

ఆకాశం గురించి కొంచెం. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి, దాని మీది గాలి పైకి లేచి, సముద్రం నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. ఎండ రోజుల్లో ఇది దాదాపు గడియారంలా పనిచేస్తుంది: మధ్యాహ్నానికి మొదలు, మూడు నాలుగు గంటలకి జోరు, సాయంత్రం తగ్గుదల. కాబట్టి పొద్దున చూసిన గాలిని బట్టి సాయంత్రం గురించి అనుకోవద్దు. కాలీఫ్లవర్‌లా ఎదిగిన మేఘం తల పైన చదునుగా పరుచుకుంటోందంటే ఉరుముల మేఘం. దాని కిందనుంచి చల్లగాలి ఒక్కసారిగా తన్నుకొస్తుంది, దిక్కు కూడా మారిపోతుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే ఎన్ని కిలోమీటర్లో తెలుస్తుంది. పొగమంచు గురించి ఎక్కువ చెప్పను. వెచ్చటి తేమ గాలి చల్లటి నీటి మీదికి వస్తే మంచు పడుతుంది, గాలి వీస్తున్నా పోదు. మంచు ఉంటే బయల్దేరకండి.

గాలి పీడనం కొలిచే బారోమీటరు ఉన్నవాళ్లు ప్రతి మూడు గంటలకీ రాసుకోండి. ఉష్ణమండలంలో ఒక సంగతి ఉంది. అక్కడ పీడనం రోజూ తనంతట తానే ఎక్కి దిగుతుంది. పొద్దున 10కి, రాత్రి 10కి ఎక్కువ. తెల్లవారుజామున 4కి, సాయంత్రం 4కి తక్కువ. కాబట్టి మధ్యాహ్నం రెండు హెక్టోపాస్కల్స్ తగ్గిందని టెన్షన్ పడనక్కర్లేదు. ఆ రోజువారీ మార్పు తీసేశాక కూడా, ఆ కాలానికి ఉండాల్సిన సగటు కంటే 3 తక్కువ ఉంటే అనుమానించాలి. 5 తక్కువ ఉంటే తుపాను దగ్గర్లోనే ఉందనుకుని పడవని ఒడ్డుకి చేర్చాలి.

ఇప్పుడు ఆ రెండు కాగితాలనీ కలపడం. నేను చేసే పద్ధతి చెబుతాను. ఒక తెల్ల కాగితం మీద పొద్దున 5 నుంచి రాత్రి 8 దాకా గంటలు వరుసగా రాస్తాను. పక్కన మొదటి వరుసలో నీరు: ఎక్కుతోందా, దిగుతోందా, ఏ గంటలు జోరు. రెండో వరుసలో గాలి: ఎన్ని నాట్లు, ఎటు నుంచి. మూడో వరుసలో అల, వ్యవధితో. గాలి లోపలికి, నీరు బయటికి ఉన్న గంటలకి ఎర్ర గీత కొడతాను. ఆ తర్వాతే ఎప్పుడు తిరిగి రావాలో తేలుస్తాను. తిరిగొచ్చే వేళ తేలాక, ఎప్పుడు బయల్దేరాలో, ఎంత దూరం వెళ్లొచ్చో వాటంతట అవే తేలుతాయి. పదిహేనేళ్ల కిందట ఈ కాగితం రాసి ఉంటే 1 గంట నుంచి 6 దాకా ఎర్ర గీత పడేది. మేం మధ్యాహ్నం 12కే వచ్చేసేవాళ్లం, లేదా సాయంత్రం దాకా బయటే ఉండడానికి సరిపడా నీళ్లు, ఇంధనం పెట్టుకుని వెళ్లేవాళ్లం. తిరిగొచ్చే గంటని ఒడ్డున ఉన్న ఒకరికి చెప్పి వెళ్లండి. రేడియో ఉంటే ఆపద పిలుపులకి వాడే ఛానల్ 16 తెరిచి ఉంచండి. లైఫ్ జాకెట్ పడవలో ఉండడం కాదు, ఒంటి మీద ఉండాలి.

ఇక ప్రశ్నలు అడగొచ్చు.

ఆ మూల నుంచి ఒకరు అడుగుతున్నారు: ‘తిరిగొచ్చేసరికి మొగ విరుగుతోంది, ఇంధనం తక్కువ ఉంది, అప్పుడేం చేయాలి?’ మంచి ప్రశ్న. ముందు దూరంగానే ఆగండి, కెరటాలు విరిగే చోటికి బయటే. లంగరు వేసే లోతు ఉంటే వేసి ఇంజిన్ ఆపేయండి, ఇంధనం మిగులుతుంది. రేడియోలోనో ఫోన్‌లోనో మీరు ఎక్కడ ఉన్నారో, ఎంతమంది ఉన్నారో, దేనికోసం ఆగారో చెప్పండి. గాలి మాటు ఉన్న వేరే రేవు దగ్గర్లో ఉంటే అటు వెళ్లొచ్చు. లేకపోతే లాగుడు తిరిగేదాకా కూర్చోండి. మహా అయితే ఐదారు గంటలు.

ఇంకొకరు, ఆమె, ‘చీకటి పడిపోతే?’ అంటున్నారు. చీకట్లో, తెలియని మొగలో, విరిగే కెరటాల్లోకి వెళ్లడం కంటే లంగరు మీద రాత్రంతా ఉండడం మేలు. తెల్లవారుజామున గాలి పడిపోయి ఉంటుంది, మరో పోటు కూడా వచ్చి ఉంటుంది. అందుకే ఒక టార్చి, మంచినీళ్లు, పొడి బట్టలు, పొడవైన లంగరు తాడు ఎప్పుడూ పడవలో ఉండాలి. తాడు పొడవు కనీసం నీటి లోతుకి ఐదు రెట్లు. ఆ లోతు లెక్కపెట్టేటప్పుడు రాత్రికి రాబోయే పోటు ఎత్తు కూడా కలుపుకోండి. నీరు రెండు మీటర్లు ఎక్కితే పొట్టి తాడు లంగరుని ఊడబెరికేస్తుంది.